రాణిని పుట్టింటికి పంపమన్న పాపం

నా నోటికి తాళం వెయ్యాలని మా ఆయన బతికున్నన్నాళ్లూ అనేవాడు. అంత పెద్ద తాళం తమిళనాట మా ఉడుమలైపేటలో ఎక్కడా దొరకలేదు. పాపం, ఆయనే పోయాడు. నోరు మాత్రం ఉంది.

పోయిన నెల ఆ నోటితో ఒక్క మాటన్నాను. "ఈ దీపావళికి ఆ కుక్కను తీసకపోయి మీ అమ్మింట్లో విడిచిపెట్టు." అంతే. అన్నది నా కోడలు చారులతతో. కుక్క పేరు రాణి. చారులత పెళ్లిలో ఆమె వెంట వచ్చిన కన్ని జాతి కుక్క. మా వైపు పెళ్లికూతురితో కన్ని కుక్కపిల్లను పంపడం పాత వాడుక. అప్పట్లో వేటకని పంపేవాళ్లట. ఇప్పుడు వేటా లేదు, పాటా లేదు, కుక్క మాత్రం వస్తోంది. అలా వచ్చిన కుక్కను వెనక్కి పంపితే పిల్లను వెనక్కి పంపినట్టే. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. కోపంలో ఎవరికి గుర్తుంటుంది?

కోపానికి కారణం లేకపోలేదు. పోయిన దీపావళి వాళ్లకు తల దీపావళి, అంటే పెళ్లయ్యాక మొదటిది. కొత్త దంపతులు మదురైకి, పిల్ల పుట్టింటికి పోయారు. కుక్కను నాకు అప్పజెప్పారు. మొదటి టపాసు పేలగానే రాణి గోడ దూకి మాయమైంది. రెండు రోజుల తర్వాత పక్క తోటలో మోటారు గది వెనకాల దొరికింది. ఆ రెండు రోజులూ నేను అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నాకు కుక్క మీద ప్రేమ అనుకుంటారు.

నేనా మాట అన్న మూడో రోజే చారులత తండ్రి దొరైసామి బస్సు దిగాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. కాపీ ముట్టలేదు.

"వదినా, మా పిల్లలో ఏమన్నా కొరత ఉండాదా?" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాకు పుట్టుకతోనే రాదు. "ఈ దీపావళికి ఆ కుక్క నా చేతిలో ఉంటాది. వెంట్రుక రాలకుండా మీ పిల్ల చేతిలో పెడతా. పెట్టలేకుంటే మీ పిల్లని, కుక్కని కలిపే తీసకపో" అన్నాను. చూశారా, మళ్లీ నోరు!

దొరైసామి సగం కాపీ తాగాడు. "సరి వదినా, చూస్తాం" అని లేచాడు.

ఆ రోజు నుంచి నా నోటిని అదుపులో పెట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. "అమ్మా చారులతా, మీరు కాపీ తాగినారా? మీకు ఇడ్లీ చాలునా?" అంటూ పంచదార పూసి మాట్లాడాను. అంత మర్యాద నా పెళ్లిలో నా అత్తగారిక్కూడా చెయ్యలేదు. కోడలు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. నాకేమీ అంతుపట్టలేదు.

దీపావళి ముందురోజు బయలుదేరాం. కొండల కింద మా బంధువుల కొబ్బరితోపు ఉంది. చుట్టుపక్కల ఇళ్లు లేవు, టపాసులు లేవు. తోపు చివర ఏనుగులు రాకుండా తవ్విన కందకం, అది దాటితే అడవి. కోయంబత్తూరులో పంపుల కంపెనీలో పనిచేసే మా అబ్బాయి నవనీతకృష్ణన్ ఆన్‌లైన్‌లో గుడారం కొన్నాడు. రాణితో పాటు మా ఇంటి కుక్క సింగాన్ని కూడా ఎక్కించాం. అది రాజపాళయం జాతి. నా నడుము ఎత్తు ఉంటుంది. మిక్సీ వేస్తే మంచం కింద దూరుతుంది. పేరేమో సింగం!

దారిలో రాణి మావాడి కొత్త చొక్కా మీద కక్కింది. ట్రాక్టరు ఎదురొస్తే సింగం నా ఒళ్లోకెక్కి నిలబడింది. తోపు చేరాక అబ్బాయి ఫోన్లో వీడియో చూస్తూ గంటన్నరలో గుడారం నిలబెట్టాడు. సింగం గుడారాన్ని చూసి మొరిగింది, రాలిన కొబ్బరిమట్టను చూసి మొరిగింది, చివరికి తన నీడను చూసి కూడా మొరిగింది. రాణి చారులత కాళ్ల మధ్య వణుకుతూ కూర్చుంది.

తోపు కావలి మాయాండి వచ్చి చూసి, "ఏమమ్మా, ఏనుగు వస్తే ఈ కుక్కలు కాస్తాయా?" అన్నాడు.

"ఏనుగే వచ్చి వీటిని కాయాల" అన్నాను.

నాలుగున్నరకి అబ్బాయి రొట్టె ముక్కలు, జామ్ తీశాడు. పండగపూట రొట్టె తినడానికి నాకేమన్నా జ్వరమా? కారులోంచి గ్యాసు స్టవ్వు, కుక్కరు తీసి పప్పు పెట్టాను.

"అత్తా, విజిల్..." అంది చారులత.

"మీరు కూర్చోండమ్మా, నేను చూసుకుంటా" అన్నాను. ఆమె కూర్చుంది.

మొదటి విజిల్ వచ్చింది. సింగం గుడారంలోకి దూకింది. గుడారం ఊడింది, సింగంతో పాటు లేచి పరుగెత్తింది. దాని వెనకాల మావాడు. రాణి చారులత చేతిలోంచి గొలుసు లాక్కుని కందకం వైపు దౌడు తీసింది. కళ్లు మూసి తెరిచేలోగా కనబడకుండా పోయింది.

చారులత ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. "అయిపాయె" అంది మెల్లగా. "నేను గుడ్డలు సర్దుకునేదే."

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాను. నా మాట, నా పందెం, నా కుక్కరు.

పొద్దు వాలుతోంది. కందకం దాటకూడదు, అవతల అటవీ శాఖ వాళ్లదని మాయాండి అడ్డం నిలబడ్డాడు. ఈలోగా మావాడు సింగాన్ని గుడారంలోంచి విడిపించి తెచ్చాడు. బిస్కెట్టు చూపిస్తూ "రాణీ, వా వా" అని తమిళంలో బతిమాలాడు. చారులత గొంతు పోయేలా పిలిచింది. నేను కందకం గట్టు వెంట పోతూ "రా తల్లీ, రా బంగారూ" అని పిలిచాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆ కుక్కను నేనెప్పుడు తల్లీ అన్నాను కనక!

అంతలో నా బొటనవేలు ఒక మొద్దుకు కొట్టుకుంది. నెలరోజులు దాచుకున్నదంతా కట్ట తెగి బయటికొచ్చింది.

"ఓసి దిక్కుమాలినదానా! ఎక్కడ చచ్చినావే? టపాసుకి ఏడుస్తావు, కుక్కరుకి ఏడుస్తావు, నీ వంశంలో వేటాడినోళ్లు ఉండారంట, సిగ్గు లేదా? పోయినేడు నీ కోసరం రెండు దినాలు పస్తుంటినే, ఈ యేడూ పస్తుండమంటావా? నీకేమన్నా అయితే నా కోడలు పోతాదే! అది లేకుంటే ఆ ఇంట్లో నేను గోడలతో మాట్లాడేదా? వచ్చి చావు!"

కందకంలో ఎండాకులు గలగలమన్నాయి. ముందు రెండు చెవులు పైకొచ్చాయి, తర్వాత రాణి. తోక కాళ్ల మధ్య పెట్టుకుని తిన్నగా వచ్చి నా ఎడమ కాలి దగ్గర కూర్చుంది. రోజూ తిట్లు తినడానికి అక్కడే కూర్చుంటుంది. ఎవరూ పిలవకుండానే సింగం కూడా వచ్చి కుడి పక్కన కూర్చుంది.

నేను గొలుసు పట్టుకుని చారులత వైపు చాచాను. "ఇదో అమ్మా, వెంట్రుక రాలలేదు. మీరే చూసుకోండి."

ఆమె అందుకోలేదు. అప్పుడు ఏడ్చింది.

"కుక్కని ఏమే అంటావు, నన్ను మీరంటావు. నెల దినాలుగా చుట్టానికి పెట్టినట్ల కాపి పెడతాండావు అత్తా. ఎప్పుడు పోతానా అని చూస్తాండావనుకుంటిని. ముందు మాదిరి ఒక్క నాడన్నా నన్ను తిడితివా?"

నాకు సిగ్గేసింది. ఈ వయసులో, కుక్కల ముందర, సిగ్గుతో తలెత్తలేకపోయాను. తప్పయిందన్న మాట గొంతుదాకా వచ్చింది, ఎప్పటిలాగే అక్కడే ఆగింది. వచ్చిందే అన్నాను.

"ఏమే బుద్ధి లేనిదానా! కుక్కరు పెడతాంటే చెయ్యి పట్టుకుని ఆపేదానికి నీకేం రోగం? కూర్చోమంటే కూర్చునేదా? నా మాట ఎప్పుడు విన్నావని ఇప్పుడు వింటివి? అక్కడ పప్పు బొగ్గయింటాది, పో, స్టవ్వు ఆపు! ముక్కు తుడుచుకోవే!"

చారులత గొలుసు లాక్కుని, చున్నీతో ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ పరుగెత్తింది. రాణి ఆమె ముందర పరుగెత్తింది.

"ఏలమ్మా, పావం ఆ పిల్లని అట్ల తిడతావు?" అన్నాడు మావాడు.

"నీకేం తెలుసురా, నోరు మూసుకుని ఆ గుడారం ఎక్కడ పడిందో చూడు" అని, కళ్లు తుడుచుకున్నాను.