పనసకర్రలో నల్లచార

నేను ఒక పెన్సిల్‌ని. అలాగని చాకు పట్టుకుని చెక్కబోకండి. నా ఒళ్లు పనసకర్ర. నెత్తిన నొక్కితే ములుకు బయటికొస్తుంది. నాకో అక్క ఉంది, పెన్ను. ఇద్దరం ఒకే కర్రలో పుట్టాం. ఆ కర్ర అంతకుముందు ఒక వీణ.

ఆ వీణ మీదే జగదాంబ, కనకవల్లి అనే అక్కచెల్లెళ్లు సరళీస్వరాలు నేర్చుకున్నారు. పెద్దయ్యాక కలిసి కచేరీలు చేశారు. వేదిక మీద జగదాంబ ముందు, కనకవల్లి మూరెడు వెనక. ఒకరోజు చెల్లెలు, పక్కన కూర్చుంటానంది. నీకింకా ఆ స్థాయి రాలేదంది అక్క. అంతే, పలకరింపులు ఆగిపోయాయి. తీగలకి అంత శ్రద్ధగా శ్రుతి చూసుకునే మనుషులు మాటలకి ఎందుకు చూసుకోరో నాకు తెలియదు.

ఇల్లు మారేటప్పుడు వీణ జారిపడి, తీగల కింది పొడుగాటి దండి చీలింది. జగదాంబ ఏడ్చింది. ముక్కలు మూటగట్టి, బొబ్బిలిలో వీణలు చేసే పైడియ్య దగ్గరికి పట్టుకెళ్లింది. ఇది ఇక పలకదని ఆయన తేల్చేశాడు.

"అయితే ఓ పెన్నూ పెన్సిలూ చేసిపెట్టు పైడియ్యా. పెన్సిల్ మా చెల్లికి పంపుతాను. తీసుకుంటుందో, విసిరికొడుతుందో," అందావిడ.

పైడియ్య చీలని చోట ఒక ముక్క కోశాడు. దాని పొడవునా నల్లచార ఉంది. పెన్ను వెనక నన్ను వరసగా పెడితే ఆ చార తెగకుండా సాగాలని ఆయన ఉద్దేశం. ముక్కని రెండు చేసి, ఏ కొన ఎటో సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. లేత్ మీద తిప్పి గరుకు కాగితంతో రుద్దేసరికి నా గుర్తు చెరిగిపోయింది. పెద్ద దుంగనైతే తట్టి, చెవి ఒగ్గి, మొదలెటో చెప్పేస్తాడు. బెత్తెడు ముక్క ఏం పలుకుతుంది? అలవాటు కొద్దీ తట్టాడు, నేనేదో పలికాననుకున్నాడు, ములుకు గొట్టానికి నన్ను తిరగేసి బిగించాడు.

"తప్పయిపోనాది తల్లీ. ఎనకాల పెడితే చార కలవడం నేదు. ఇప్పితే పగిలిపోద్ది," అన్నాడు తలదించుకుని.

జగదాంబ మమ్మల్ని అటూ ఇటూ పెట్టి చూసింది. చివరికి పెన్ను నెత్తికి నా నెత్తి ఆనేలా పెట్టింది. చార కలిసింది. పోస్టులో పంపే ఆలోచన మానేసి బస్సెక్కింది.

కనకవల్లి తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. జగదాంబ వసారాలో బల్ల మీద మమ్మల్ని ముందూ వెనకా పెట్టింది.

"ఇలా కలవట్లేదే వల్లీ," అంది. తర్వాత నన్ను తిప్పింది. "ఇలా తలకి తల ఆనిస్తేనే కలుస్తోంది."

కనకవల్లి వంగి చూసింది. ఆ చార వెంట వేలు పోనిచ్చింది.

"ఇది తెలియడానికి వీణ పగలాల్సి వచ్చిందా అక్కా?" అంది. ఆ మాటకి నాకూ కష్టమేసింది. కాసేపటికి లోపలికి వెళ్లి, చాప తెచ్చి పరిచింది.

ఇప్పుడు నేను కనకవల్లి దగ్గరే ఉంటున్నాను. అక్కచెల్లెళ్లు కలిసినప్పుడల్లా మేమూ కలుస్తాం. పైడియ్య మాత్రం ఇప్పటికీ నన్ను తలుచుకుని, పని చెడగొట్టానని నొచ్చుకుంటాడట. మీరెవరైనా అటు వెళ్తే, నన్ను సరిగ్గానే బిగించాడని చెప్పండి.