పెండింగు లేని మనిషి

సదాశివరావు గారి గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. లోపల కంప్యూటరు ఉంది. దసరాకి దానికి కుంకుమబొట్టు పెట్టించారు, సాయంత్రం వెళ్ళేటప్పుడు స్వయంగా ముసుగు కప్పి తాళం వేసుకుంటారు. ఇంత మడి కట్టిన యంత్రానికి రోగమెలా వస్తుందని ఆయన ధీమా.

ఫరీదాబాద్‌లో బోల్టులు చేసే ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ చూసుకునేది కస్తూరి. ఢిల్లీలో మునిర్కా దగ్గర అద్దె గది, రెండు బస్సులు మారి ఉద్యోగం, అదీ ఇంకా టెంపరరీ. పర్మనెంటు చేయాల్సింది సదాశివరావు గారే. కేంద్ర ప్రభుత్వంలో రిటైరై, ఇక్కడ సలహాదారుగా కుదిరి, అందరి తలరాతలూ తేల్చే పెద్దమనిషి. ఏడాది కిందట ఆయనకి అర్జీ పెట్టుకుని, కస్తూరి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

రెండువేల నాలుగు వేసవిలో ఫ్యాక్టరీ మెయిళ్ళన్నీ గోడకు కొట్టిన బంతుల్లా తిరిగి రాసాగాయి. మీ దగ్గర్నుంచి చెత్త వచ్చి పడుతోంది, మీ మెయిళ్ళు ఇక తీసుకోం అని కొనుగోలుదారులు ఒక్కొక్కరే తలుపులు మూసుకున్నారు. యజమాని చావ్లా సాబ్ చిందులు తొక్కాడు. ఆడపిల్లకి ఇలాంటి పని అప్పగిస్తే ఇంతేనని సదాశివరావు గారు ఆయన చెవిన వేశారు.

ఏదో ఒక యంత్రానికి వైరస్ పట్టి, అది తనంతట తానే వేలకొద్దీ మెయిళ్ళు వెదజల్లుతోందని కస్తూరికి అర్థమైంది. అన్నీ చూసింది. మిగిలింది ఆ మడి గది ఒక్కటే. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, మెయిలు తెరిచి చూపించమంది. చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లాటరీ తగిలిందన్నవాడికీ, బట్టతలకి మందు అమ్మేవాడికీ, మొగుడి ఆస్తి పంచి పెడతానన్న విదేశీ వితంతువుకీ ఆయన వరసగా జవాబులు రాశారు. మీ లేఖ అందినది, ఇకపై పంపవలదు. ఈ చిరునామాలో బదులు పలికే మనిషున్నాడని తెలిసి వాళ్ళు పండగ చేసుకున్నారు, పదిమందికి చెప్పారు. మెయిళ్ళు పెరిగాయి. ఆయన జవాబులూ పెరిగాయి.

"నా సర్వీసంతా చూడమ్మాయ్, నా బల్లమీద ఒక్క కాగితం పెండింగు ఉన్నది లేదు. ఉత్తరమొస్తే జవాబివ్వాలి, జత చేసింది ఉంటే విప్పి చూడాలి. అదీ పద్ధతి."

ఆ విప్పడంలోనే వైరస్ లోపలికి దూరిందని తెలిసి కస్తూరికి ఒళ్ళు మండిపోయింది. దొంగకి తలుపు తీసి, కాఫీ ఇచ్చి, మళ్ళీ రావద్దని మర్యాదగా సాగనంపే రకం ఈయన. ఇలాంటి మనిషి చేతిలోనా తన ఉద్యోగం అనుకుంటే ఆమెకి అసహ్యం వేసింది.

చావ్లా సాబ్‌ని పిలుచుకొచ్చి, వైర్లన్నీ కలిసే పెట్టె మీద పిచ్చెత్తినట్టు మిణుకుమంటున్న దీపాన్ని చూపించి, ఆయన ఎదుటే సదాశివరావు గారి వైరు లాగేసింది. దీపం ఆరింది. ఆ యంత్రాన్ని శుభ్రం చేసేదాకా వైరు పెట్టకూడదనీ, సదాశివరావు గారి పేరుతో ఏ మెయిలొచ్చినా తెరవకుండా చెరిపేయాలనీ చెప్పింది. చావ్లా సాబ్ ఠీక్ హై అన్నాడు. ఆ లాటరీవాళ్ళకి మూడేసిసార్లు రాశాను, వినలేదు, క్రమశిక్షణ లేని మనుషులని సదాశివరావు గారు తేల్చేశారు. ఆ మొహంలో సిగ్గన్నది వెదికినా కనబడలేదు.

మర్నాడు ఉదయం కస్తూరికి ఆయన పేరుతో మెయిలొచ్చింది, దానికొకటి జత చేసి మరీ. తెరవకుండా చెరిపేసి ఆయన గదికి పరిగెత్తింది. బజారు నుంచి తెప్పించిన కొత్త వైరు గోడ వెంట నిగనిగలాడుతోంది.

"నిన్ను పర్మనెంటు చేస్తూ ఆర్డరు పంపించాను. అందిందని జవాబు లేదేం?"

"తెరవలేదండీ. మీ పేరు మీద వచ్చేవి తెరవద్దని నిన్న నేనే చెప్పాను కదా. చెరిపేశాను. కాగితం మీద ఇచ్చేయండి."

ఆఫీసు ఉత్తరాన్ని చదవకుండా పారేసిన మనిషి పర్మనెంటుకి పనికిరాదని ఆయన అక్కడికక్కడే కాగితం మీద రాసి చావ్లా సాబ్‌కి పంపారు. చావ్లా సాబ్ దానికీ ఠీక్ హై అన్నాడు.

కస్తూరి సంచీ సర్దుకుని, చెప్పులతోనే ఆ గదిలోకి నడిచింది.

"లాటరీవాడికి ఆ పూటకి ఆ పూటే జవాబిచ్చారు. నా అర్జీకి మాత్రం మీకు ఏడాది పట్టిందండీ."

సదాశివరావు గారు ఏదో అనబోయారు. ఇంతలో తెరమీద కొత్త మెయిలు వచ్చింది. ఆయన అటు తిరిగి జవాబు రాయడం మొదలుపెట్టారు.