గడుగ్గాయి ఫోల్డరు

ఇంటి ముందు గది ఫొటో స్టూడియో, వెనక గదులు సంసారం. రెంటికీ మధ్య నడవాలో, చెప్పుల స్టాండు పక్కన ఉండేది సర్వరు పెట్టె. తీసిన ప్రతి ఫొటో, ప్రతి వీడియో దాంట్లోకే చేరేది. తీసేది ఆయన, దాచేది ఆవిడ. ఎవరు ఏ ఫోల్డరు తెరవచ్చో, ఎవరు చెరపొచ్చో తేల్చేదీ ఆవిడే. ఆల్బమ్‌లు చేసే అమ్మాయికి దిద్దే హక్కు ఇచ్చింది. మరిదికి చూసే హక్కు ఒక్కటే. ఒకసారి అతగాడు పెట్టెలో చోటు చేస్తానంటూ ఓ పెళ్లిలో మగపెళ్లివారందర్నీ తుడిచిపెట్టాడు. మా వదిన నాకు కళ్లు ఉంచి చేతులు తీసేసిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆవిడ కూడా తెరవలేని ఫోల్డరు ఒక్కటే. అది కూతురిది. తండ్రి గడుగ్గాయి అని పిలిచేవాడు. ఇల్లు పీకి పందిరి వేసే పిల్ల, ఆయన కెమెరా ఎత్తగానే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. తన వీడియోలు తనే ఫోన్లో తీసుకుని, ఆ ఫోల్డర్లో దాచి, ఫోన్లోంచి తీసేసేది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ దానికి తాళం వేయించింది.

"నీ పేరు కూడా తీసెయ్యమ్మా. నా ఎదురుగా తీసెయ్యి."

ఆవిడ నవ్వుతూ తీసేసింది. సర్వరు మొత్తానికీ పెద్ద ఖాతా ఒకటుంటుందని, అందులోంచి వెళితే ఏ తాళమైనా ఊడుతుందని పిల్లకీ తెలుసు. అందుకే అటునించీ చూడనని ఒట్టు వేయించుకుంది.

కిందటి వానాకాలం జ్వరమని పడుకున్న పిల్ల మళ్లీ లేవలేదు.

అప్పట్నుంచీ ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఊరందరి నవ్వులూ పట్టిన మనిషి దగ్గర కన్నకూతురి నవ్వు లేదు. చూడనులే, కళ్లు మూసుకుంటాను, గొంతు వినిపించు చాలు అనేవాడు. ఆవిడ ఒట్టు గుర్తుచేసేది. ఒకరోజు కంచం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడుక్కుని లేచిపోతే మాత్రం తట్టుకోలేకపోయింది. సర్వరు మార్చాక ఒకే ఒక్క వీడియో, ఇద్దరం కలిసి చూద్దాం అంది.

పాత పెట్టెకి అప్పటికే ఆయాసం వచ్చేసింది. కొత్తది తెప్పించి, ఉన్నవన్నీ దాంట్లోకి ఎక్కించడానికి కూర్చుంది. ఇలాంటి పని పెద్ద ఖాతాలోంచే చెయ్యాలి. ఆవిడకి తెలియక కాదు. కానీ అందులోకి వెళితే గడుగ్గాయి తలుపు తెరుచుకునే ఉంటుంది, ఒంటరిగా ఉన్న తన చేతుల మీద తనకే నమ్మకం లేదు. అందుకని రోజూ వాడే సొంత ఖాతాతోనే మొదలుపెట్టింది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు వరసగా ఎక్కాయి. పని పూర్తయిందని తెర మీద పడింది. కింద చిన్న అక్షరాల్లో కొన్ని వదిలేశామని ఉంటే, ఎప్పుడూ ఉండే చెత్త ఫైళ్లే అనుకుంది. పాత డిస్కులు నిక్షేపంలా ఉన్నాయి, పారెయ్యడం దేనికని వాటినీ కొత్త పెట్టెలో బిగించింది. వీటిలో ఉన్నదంతా తుడిచెయ్యమంటారా అని పెట్టె అడిగింది. తుడిచెయ్యమంది.

మర్నాడు, ఆయన కోసం పెద్ద ఖాతాలోకి వెళ్లింది. గడుగ్గాయి ఫోల్డరు లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. తను తెరవలేనిదాన్ని తన ఖాతా ఎలా మోసుకొస్తుందన్న ఆలోచన అప్పుడు వచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది. అతను అన్నీ అడిగి తెలుసుకున్నాడు. పాతవాటి మీద కొత్త రాత పడిపోయిందమ్మా, ఇంక తిరిగి రాదు అన్నాడు.

ముందు గదిలోకి వెళ్లేసరికి ఆయన స్టూడియో తలుపు దగ్గరగా వేసి, కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసి ఉంచాడు. ఎన్నాళ్లకో గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఊఁ, పెట్టు," అన్నాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ మనిషికి పిల్ల రెండోసారి పోతుంది.

"పెట్టను," అంది. "దానికి ఒట్టేశానండీ. నా వల్ల కాదు."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన చెయ్యి చాచి ఖాళీ తెర ఆర్పేశాడు.

"మీరిద్దరూ ఎప్పుడూ ఒకటే," అన్నాడు. "కొత్త దాంట్లో భద్రంగా ఉందిగా?"

"ఉంది."

"ఉంటే చాల్లే. ఎప్పటికో నీ మనసే కరుగుతుంది." లేచి కుర్చీలు గోడవారకి జరిపాడు. "నేను మాత్రం అడుగుతూనే ఉంటాను. విసుక్కోకు."

"విసుక్కోనండీ," అంది ఆవిడ.