మెట్ల మీద తోడు

పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలని లుబ్నా చెప్పినప్పుడు, ఆ మనిషి తానేనని నగేష్ అనుకున్నాడు.

రాజేశం పెద్దపేగులో గడ్డ తేలింది. ఆపరేషన్‌కు ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆలోపు గుండె, ఊపిరితిత్తులు బలపడితే కోతను తట్టుకుని తొందరగా లేస్తాడని ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్ట్ లుబ్నా హిందీలో వివరించింది. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమె ఎదుట వ్యాయామ సైకిల్ తొక్కాలి. కాసేపు మాట రానంత వేగంగా, కాసేపు మెల్లగా, మళ్ళీ వేగంగా. ఆసుపత్రికి రాని రోజుల్లో అదే పద్ధతిలో క్యాంపు మెట్లెక్కాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపాలి. అందుకే పక్కన మనిషి.

జగిత్యాల దగ్గర ఇద్దరిదీ ఒకే ఊరు. నగేష్‌ను ఖతార్‌కు తీసుకొచ్చిందే రాజేశం. ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ కార్మికుల క్యాంపు గదిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు, ఇద్దరికీ ఒకటే వంట. గడ్డ సంగతి తెలిసిన రోజు రాజేశం కంటే నగేషే ఎక్కువ ఏడ్చాడు.

లుబ్నా చెప్పిన రోజు సాయంత్రం రాజేశం బూట్లు వేసుకుని, ఎదురు మంచం వైపు తిరిగి, "ఫుర్ఖాన్ భాయ్, యల్లా, చలో!" అన్నాడు.

ఫుర్ఖాన్ పెషావర్ వైపు వాడు, క్రేన్ నడుపుతాడు. ఆ గదికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

"నేనొస్త గదన్నా," అన్నాడు నగేష్.

"నువ్వు అన్నం వండు తమ్మీ."

పొయ్యి దగ్గరికి మెట్ల చప్పుడంతా వినబడేది. "తేజ్! ఔర్ తేజ్! శాబాష్ రాజా!" అని ఫుర్ఖాన్ అరుస్తుంటే నగేష్ గరిటెతో గిన్నె అంచు కొట్టేవాడు. ఊళ్ళో కూడా ఎవరూ రాజేశాన్ని రాజా అని పిలవలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ దిగొచ్చేవారు. రాజేశం మెడలో ఫుర్ఖాన్ తువ్వాల ఉండేది. అన్నం తింటున్నంతసేపూ ఆ ఇద్దరి మాటలే. పప్పు ఎలా ఉందో ఎవరూ చెప్పేవారు కాదు.

వారం తిరక్కముందే నగేష్ ఊరికి ఫోన్ చేసి రాజేశం భార్య గంగాబాయితో మాట్లాడాడు.

"వదినా, ఈడ ఒకడు అన్నను మెట్ల మీద ఉరికిస్తుండు. అన్న మొఖం నల్లవడుతుంది. నాకైతే భయమైతుంది."

ముఖం నల్లబడటం అబద్ధం. ఎర్రబడేది, అంతే.

గంగాబాయి ఏడుస్తూ మొగుడికి ఫోన్ చేసింది. "ఆడ ఎవడో చెప్తే ఉరుకుడేంది? ఆపరేషన్ కాకముందే పానం దీసుకుంటవా? పిల్లల మీద ఒట్టు, బంద్ జెయ్యి!"

రాజేశం మానేశాడు. ఫుర్ఖాన్ బూట్లతో కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం రాజేశం, నగేష్ పాత రోజుల్లాగే కింద కూర్చుని చాయ్ తాగారు. నగేష్ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాడు. రాజేశం గోడ వైపు చూస్తూ ఊకొట్టాడు.

తర్వాతిసారి ఆసుపత్రికి నగేషే వెంట వెళ్ళాడు. సైకిల్ మీద రాజేశం తొందరగా అలిసిపోయాడు. లుబ్నా ఎందుకని అడిగితే, ఇంట్లో భయపడి వద్దన్నారన్నాడు. చెమట పట్టి, ముఖం ఎర్రబడి, ఆయాసం రావడమే తమకు కావలసిందని, పడుకుని ఉంటే వచ్చిన బలం కూడా పోతుందని ఆమె ఇద్దరికీ చెప్పింది. నగేష్ తల ఎత్తలేదు.

తిరుగు బస్సులో రాజేశమే మాట మొదలుపెట్టాడు. "గంగకు ఎవరు చెప్పిండ్రో నాకెరుకనే."

"మరి నన్నెందుకు వద్దన్నవ్? నిన్నగాక మొన్న వచ్చినోడు నాకంటే ఎక్కువైండా?"

"నాకు జర దమ్మొస్తే నీ కండ్లల్ల నీళ్ళొస్తయ్ నగేషా. నిన్ను జూస్తే నేను ఆగుత. గాడు ఆగనియ్యడు."

 అది నిజమని తెలిసినా నగేష్‌కు కుళ్ళు తగ్గలేదు. అయినా ఫోన్ తీసి అక్కడే గంగాబాయికి చేశాడు.

"వదినా, మొఖం నల్లవడ్డదని అబద్ధం జెప్పిన. అన్నను ఉరుకనియ్యి. డాక్టరమ్మనే చెప్పింది."

"గట్లెందుకు జెప్పినవ్‌రా? నీకేం పుట్టింది?"

"కుళ్ళు వుట్టింది వదినా."

పక్క సీటులో రాజేశం కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి మెట్లు మళ్ళీ మోగాయి. నగేష్ పొయ్యి మంట పెంచాడు, గిన్నెలు గట్టిగా దించాడు. ఆపరేషన్ నాడు మాత్రం నగేష్, ఫుర్ఖాన్ ఇద్దరూ డ్యూటీ మానుకుని ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

గడ్డ పూర్తిగా తీసేశామని డాక్టర్ చెప్పాడు. మరునాడే రాజేశం మంచం దిగి నాలుగడుగులు వేశాడు. నగేష్ ఫోన్ పట్టుకుంటే వీడియోలో గంగాబాయికి దండం పెట్టి, "అంత ఫుర్ఖాన్ పుణ్యమేనే," అన్నాడు.

"గాయనకు నా దండాలని చెప్పు నగేషూ," అంది గంగాబాయి.

నగేష్ సరేనన్నాడు. ఫుర్ఖాన్ అప్పుడు వార్డు బయట ఉన్నాడు; చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. క్యాంపుకు తిరిగెళ్ళే బస్సు కదిలాక, ముందు సీటులోని ఫుర్ఖాన్ భుజం తట్టి, "భాభీ నే సలామ్ బోలా," అన్నాడు.

ఫుర్ఖాన్ సంతోషంగా లేచి వెనక్కి వచ్చాడు. నగేష్ తన పక్క సీటు మీది సంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.