మామిడి నీడలో ఎర్రల తొట్లు

"కాయ నాది, నీడ మీది. ఎవరి వాటాలో వాళ్ళుంటే గొడవేముందమ్మా!"

నూజివీడు నుంచి కారేసుకుని వచ్చి మరీ నారాయణరావుగారు నాకు చెప్పిన న్యాయం ఇది. చచ్చిన ఎర్రల్ని దోసిట్లో పట్టుకుని నిలబడ్డ మనిషితో అనాల్సిన మాటేనా అది? ఒళ్ళు మండదూ? ఎర్రలంటే వానపాములండీ. మా చాట్రాయి వైపు అలాగే అంటాం. వాటితో ఎరువు తయారుచేసి అమ్మడం నా పని.

మాకు మామిడితోట ఉంది. అన్నీ చిన్నరసాలే. తోట ఉందన్న మాటేగాని మా చేత్తో మేం కాయ కోసి అమ్మింది లేదు. ఇక్కడ చాలామంది చేసేదే మేమూ చేస్తాం. పూత పడగానే కాపు మొత్తం షావుకారుకి అమ్మేస్తాం. ఆ రోజు నుంచి ఆఖరి కాయ దిగేదాకా చెట్టు ఆయనది. మందు ఆయన కొట్టిస్తారు, కాపలా ఆయన పెడతారు. మన తోటలో మనమే చుట్టపుచూపుగా తిరగాలి. మా మామగారి రోజుల నుంచీ మా కాపు కొనేది నారాయణరావుగారి ఇంటివాళ్ళే. కాగితాలేం ఉండవు, అంతా నోటిమాట మీదే.

ఆ చెట్ల కిందే నేను ఇటుక తొట్లు కట్టించుకున్నాను. ఎర్రలకి ఎండ పడదు. రేకుల షెడ్డు వేస్తే మా ఎండలకి అది పెనంలా కాలుతుంది. చెట్టు కింద చల్లగా ఉంటుంది, పైగా వాటికి కావలసిన ఆకు అక్కడే రాలుతుంది.

మొదట్లో నవ్వనివాళ్ళు లేరు. "పురుగుల్ని పెంచడమేంటి అమ్మాయ్, కోళ్ళని పెంచుకో, గుడ్లయినా తింటాం" అంది మా అత్తగారు సుబ్బరత్నమ్మ. తొట్లో నాలుగు ఎర్రలు పడేస్తే ఎరువు దానంతటదే అయిపోతుందనుకుంటారు జనం. వాళ్ళ మొహం! పచ్చి పేడ వేస్తే ఆ వేడికి ఎర్రలు ఉడికి చస్తాయి. పేడని నీడన పోసి, నీళ్ళు చల్లుతూ, తిరగేస్తూ, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగాలి. అడుగున కొబ్బరిపీచు, దాని మీద ఎండు మామిడాకు, ఆ పైన మగ్గిన పేడ పరిచి, అప్పుడు ఎర్రల్ని వదిలి తడి గోనెపట్టా కప్పాలి. తడి ఎక్కువైతే కుళ్ళు వాసన కొడుతుంది, తక్కువైతే ఎర్రలు తొట్టి దాటి పోతాయి. ఎరువు తయారయ్యాక నీళ్ళు ఆపేసి కుప్పలు పోస్తే, అవి తడి వెతుక్కుంటూ అడుక్కి దిగిపోతాయి. అప్పుడు పైపైన తీసి జల్లెడ పట్టుకోవాలి. టీపొడిలా రాలుతుంది. తొలకరి పడ్డ మట్టి వాసన వస్తుంది.

ఒక్క తొట్టితో మొదలెట్టినదాన్ని, రెండు వరసల చెట్ల కిందా నింపేశాను. మైలవరం నర్సరీలవాళ్ళు, చింతలపూడి కూరగాయల రైతులు నా ఎరువే కావాలని ఫోన్లు చేస్తారు. సంచి మీద "విజయరాణి వర్మీ" అని అచ్చు వేయించాను. మా ఇంట్లో ఆడమనిషి పేరు పెళ్ళి శుభలేఖ మీద తప్ప ఇంకెక్కడా అచ్చయి ఎరగదు. ఆ సంచి చూసినప్పుడల్లా నాకెంత గర్వమో మీకేం తెలుసు!

చెట్టు మీద కొట్టిన మందు కారేది నా తొట్లలోకే కదా. అందుకని తొట్లు కట్టినప్పుడే నారాయణరావుగారితో ఒక మాట అనుకున్నాం. మందు కొట్టే ముందురోజు ఆయన నాకు ఫోన్ చెయ్యాలి. నేను పరదాలు కప్పుకుంటాను, ఆకుల నుంచి చుక్క కారడం ఆగాక తీసేస్తాను. ఉన్నమాట చెప్పాలి, మొన్నటిదాకా ఆయన ఆ మాట తప్పలేదు.

ఈ ఏడు పూతకి తేనెమంచు పురుగు విపరీతంగా పట్టింది. ఆ రోజు నేను మైలవరం నర్సరీలో ఎరువు దింపడానికి వెళ్ళి, పొద్దువాలాక వచ్చాను. తోటలో మందు వాసన వస్తోంది. ఈ రోజుల్లో ఎవరో ఒకరి తోటలో కొడుతూనే ఉంటారు, మాది కాదులే అనుకున్నాను. ఫోన్ రాలేదు కదా మరి! ఎప్పటిలాగే గోనెపట్టాల మీద నీళ్ళు చల్లి ఇంటికెళ్ళాను.

పొద్దున్నే పట్టా ఎత్తితే ఎర్రలన్నీ పైనే ఉన్నాయి. వెలుతురు పడగానే చటుక్కున లోపలికి దూరేవి, కదల్లేదు. పాలిపోయి, మెలికలు తిరిగిపోయి పడున్నాయి. రెండో తొట్టీ అంతే, మూడోదీ అంతే. గోనెల మీద పడ్డ మందుని నేను చల్లిన నీళ్ళే లోపలికి దింపాయి. ఒక్కో పట్టా ఎత్తుకుంటూ వరస చివరిదాకా పరిగెత్తాను.

మందు కొట్టే గంగరాజుకి ఫోన్ చేశాను.

"సారు అర్జెంటుగా కొట్టెయ్యమన్నారమ్మా. ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు తోట చూడ్డానికి వస్తున్నారంట, పూత నీటుగా కనబడాలన్నారు. మీకు సారే చెప్పుంటారనుకున్నాను" అన్నాడు.

సారుకి చేశాను. ఆయనా కాదనలేదు. "హడావుడిలో మర్చిపోయానమ్మా, వస్తున్నా" అన్నారు. వచ్చి చెప్పింది కాయా నీడా న్యాయం. అంతటితో ఊరుకున్నా పోయేది. గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు.

"రేపు పొద్దున వచ్చేది హైదరాబాదులో ఆర్గానిక్ పళ్ళు అమ్మే కంపెనీవాళ్ళు. మీ ఎర్రల తొట్లు చూపిస్తానని చెప్పాను. ఎర్రలున్న తోటంటే మందు కొట్టని తోటనే కదా ఎవరైనా అనుకునేది! కాస్త కొత్త గోనెలు కప్పించండమ్మా, చూడ్డానికి బావుంటుంది."

"ఏంటీ?" అన్నాను. నా చెవుల్ని నేనే నమ్మలేదు. "మీరు మందు కొట్టి చంపినవాటిని, మందు కొట్టలేదనడానికి సాక్ష్యం పెడతారా? సిగ్గనిపించడం లేదా అన్నయ్యగారూ?"

"గోనె ఎత్తి చూసేదెవరమ్మా? ఈ బేరం కుదిరితేనే మీకు నేను అనుకున్న రేటు ఇవ్వగలిగేది. తర్వాత మీ ఇష్టం" అని కారెక్కారు.

మా ఆయన శ్రీమన్నారాయణ అంతసేపూ అక్కడే ఉన్నాడు. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు! కారు వెళ్ళాక మాత్రం నాకు హితబోధ మొదలెట్టాడు.

"రేపొక్క పూట ఊరుకో రాణీ. ఎర్రల్ని మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆయన కాపు వదిలేసి పోతే ఏడాదంతా ఏం తింటాం?"

"నా పేరు మళ్ళీ ఎక్కడ తెస్తారు? ఆ తొట్లు చూసి కొన్న పళ్ళు ఎవరి పిల్లలో తింటారు కదండీ?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అమ్మాయ్" అంది అత్తయ్య అరుగు మీద నుంచి.

"నా నోటికేం అత్తయ్యా, బానే ఉంది. ఆ మందే మంచిది కాదు" అన్నాను.

మర్నాడు కంపెనీ తరఫున దీప్తి అనే అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి ప్రవల్లిక వయసుంటుంది. నవ్వు మొహం, చేతిలో పెద్ద కెమెరా. నారాయణరావుగారు గైడులా ముందు నడుస్తూ, "ఇదిగోనమ్మా, మా తోటకి ఎరువంతా ఇక్కడ తయారయ్యేదే. మందు మాటే తెలీదు మా చెట్లకి" అంటున్నారు. ఆ శ్రీరంగనీతులు వినలేకపోయాను. నేరుగా వెళ్ళి పట్టా లాగేసి, గుప్పెడు తీసి ఆ అమ్మాయి ముందు పట్టాను.

"చూడమ్మా, అన్నీ చచ్చిపోయాయి. మొన్న ఈ చెట్ల మీద పురుగుమందు కొట్టించారు. కొట్టించింది ఈయనే."

నారాయణరావుగారి మొహం మాడిపోయింది. మా ఆయన తల దించుకున్నాడు. ఆ పిల్ల నా చేతి వంక చూసింది, చెట్ల వంక చూసింది. అమ్మయ్య, తెలిసింది కదా, ఇక తిట్టి పోతుందనుకున్నాను.

"కాయకి టెస్టు చేస్తే మందు ఏం కనబడదు కదా సార్?" అని ఆయన్ని అడిగింది.

"అబ్బే, కోతకి ఇంకా చాలా టైముందమ్మా."

"అయితే ఓకే." నా వైపు తిరిగి చాలా మర్యాదగా చెప్పింది. "ఫోటోలో ఎర్రలు కనబడక్కర్లేదు ఆంటీ. తొట్లు, మీరు, వెనకాల పూత పడితే చాలు. ఆ గోనె కప్పేసి కొంచెం నవ్వండి, ప్లీజ్."

నవ్వాలిట! నా ఇంట్లో చావు జరిగితే, శవం మీద దుప్పటి కప్పి నన్ను నవ్వమంటోంది! ఇక నాకేమీ వినబడలేదు. చెట్టుకి ఆనించి ఉన్న గడ్డపార అందుకుని తొట్టి గోడ మీద ఒక్కటిచ్చాను. ఇటుకలు కదిలాయి. ఇంకోటిచ్చాను. గోడ విరిగి, చచ్చిన ఎర్రలతో సహా నల్లటి ఎరువంతా జారి ఆ అమ్మాయి బూట్ల మీద పడింది.

"ఆ, తియ్యమ్మా! ఇప్పుడు తియ్యి ఫోటో! విషం పడ్డ ఈ ఎరువు నేను అమ్మను. ఈ తొట్లు చూపించి మిమ్మల్నీ ఏమీ అమ్మనివ్వను!"

"శ్రీమన్నారాయణా! మీ ఆవిడకి మతి పోయింది, ఆపవయ్యా!" అని అరిచారు నారాయణరావుగారు.

మా ఆయన గబగబా వచ్చి నా చేతిలో గడ్డపార లాక్కున్నాడు. ఈయనా అంతేనా అనుకున్నాను. "జరుగు, కాలి మీద పడుతుంది" అని నన్ను పక్కకి నెట్టి, రెండో తొట్టి గోడ మీద తనే కొట్టాడు. మూడోది కూడా. నారాయణరావుగారు ఏదేదో అన్నారు, మా మామగారి పేరు ఎత్తారు, ఈ కాపు మీ మొహాన కొట్టి పోతానన్నారు. మా ఆయన చెయ్యి ఆపలేదు. చివరికి ఆ అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోయారు. కారు తలుపు ధడేల్మని పడిన చప్పుడయింది.

వరస మొత్తం పగిలాక ఆయన గడ్డపార పడేసి, చొక్కాతో మొహం తుడుచుకుంటూ నా పక్కన కూలబడ్డాడు.

"ఇక మనమే చూసుకుందాం రాణీ. ఈ చెట్లకి ఏం కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో నువ్వు చెప్పు."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. సంతోషం అనుకున్నాడు కాబోలు పిచ్చిమారాజు, భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తోసేశాను.

"ఈ మాట పూత పడ్డ రోజునే అనుంటే, నా ఎర్రలు బతికుండేవి కదండీ!"