నలభై రెండో చెట్టు

మేం కుంచె సారు అని పిలిచే ఎస్టేటు తనిఖీ అధికారి ఆ ఉదయం పిన్ని కోకో తోటలోకి వచ్చి, ఒక్క ఆకైనా తిప్పి చూడకుండా, చెట్టు చెట్టుకీ ఎర్ర రంగు పూసుకుంటూ పోయాడు. నలభై రెండు చెట్లు, నలభై రెండు గుర్తులు. పరీక్ష రాయకుండా ఫెయిలైన పిల్లల్ని చూశాం గానీ, పరీక్ష చెయ్యకుండానే ఫెయిలైన చెట్లను చూడటం అదే మొదలు.

"వైరస్," అన్నాడు సారు. "కొమ్మలు ఉబ్బుతాయి, చెట్టు చస్తుంది, పక్కదానికి అంటిస్తుంది. వారంలో కొట్టెయ్యాలి."

"ఏ కొమ్మ ఉబ్బింది సారూ? చూపించండి," అంది పిన్ని.

"నీకు కనపడదమ్మా. లోపల ఉంటుంది."

"మరి మీకెలా కనపడింది?"

సారు రంగు డబ్బాకు మూత బిగించి వెళ్లిపోయాడు.

పిన్ని మాకెవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. భర్త పోయాక ఆ చెట్లే ఆమె సంసారం. కౌలు కాగితంలో ఒక్క ముక్క ఉంది: చెట్టు నిలిచినంత కాలం నేల కౌలుదారుది, చెట్టు పడితే ఎస్టేటు దొరది. అంటే తెగులు చెట్టుకి, దిగులు మాకు, మిగులు దొరకి. గుర్తులు పడింది ఆరు తోటలకు. దొర తెచ్చిన కొత్త కౌలు కాగితం మీద సంతకం చెయ్యం అని మొండికేసిందీ ఆ ఆరు ఇళ్లే. సంతకాలు చూసి అంటుకునే వైరస్‌ని మేం ఎరగం.

ఆ సాయంత్రం గింజలు ఆరబోసే షెడ్డులో కూడాం. ఎవరు దొర మనిషో తెలియక ఒకరి పక్కన ఒకరు కూర్చోడానికి కూడా జంకాం.

"నీ తోటకి రంగు పడలేదేం మావా? దొర నీకేమైనా వియ్యంకుడా?" లారీ డ్రైవరు అంటుమేస్త్రిని నిలదీశాడు. మా చెట్లన్నిటికీ అంట్లు కట్టింది ఆ ముసలాయనే.

"సంతకం పెట్టాను కాబట్టి. పొమ్మంటే పోతా."

ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

"నీ వేళ్లకి తెగులు తెలుసుగా," అంది పిన్ని. "మాకూ నేర్పి అప్పుడు పో."

ముసలాయన ఒక రెమ్మ తీశాడు. "కోకో చిగురు ఎర్రగానే పుడుతుంది. అది రోగం కాదు. ఆకు ఈనెల వెంట మాత్రమే ఎరుపు పాకితే అనుమానించండి. కొమ్మ మీద వేలు జార్చండి, కణుపుల మధ్య వాపు తగిలితే ఇంకా అనుమానించండి. ఒక్కోసారి ఏమీ కనపడకుండానే వైరస్ ఉంటుంది. అప్పుడు ఆకు నూరి, రసంలో పరీక్ష పట్టీ ముంచాలి. రెండు గీతలొస్తే ఉన్నట్టు."

"అయితే సారు చెప్పింది నిజమేగా," అన్నాడు డ్రైవరు.

"మాట నిజమే. మనిషే అబద్ధం."

మర్నాడు ఆరు తోటల్లో చెట్టు చెట్టూ తడిమాం. పిన్ని తోట మూలన, నలభై రెండో చెట్టు దగ్గర, ఆమె వేలు ఆగిపోయింది. అంటుమేస్త్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె పక్క చెట్టు దగ్గరికి నడిచింది. నేను చూశాను. ఈ తెగులును చెట్టు నుంచి చెట్టుకి మోసేది పిండినల్లి. అనుమానానికి ఆ నల్లి కూడా అక్కర్లేదు, నాకు అక్కడికక్కడే అంటుకుంది.

నరికే ముందు ఆకులు పరీక్షకు పంపాలని రూలుంది. పేరుకి దొర బంగళా చెట్ల ఆకులూ పంపుతారు. కోసి నంబరు సంచుల్లో వెయ్యడం కూలీల పని. ఈసారి రెండూ నేనే కోస్తానంది పిన్ని.

నాలుగో రోజు ఎస్టేటు పరీక్షగది వసారా గోడకి కాగితం అంటించారు. పిన్ని తోట: వైరస్ ఉంది. బంగళా: లేదు.

తోటలన్నీ ఆ వసారా ముందుకు కదిలాయి. దొర వచ్చాడు, వెనక పోలీసులు వచ్చారు.

"నా నంబరు సంచిలో ఉన్నవి మీ బంగళా ఆకులు దొరా," అంది పిన్ని. "మీ సంచిలో ఉన్నవి నావి. పరీక్ష నిజమైతే మీ చెట్లు కొట్టండి. అబద్ధమైతే నావి వదిలెయ్యండి."

కుంచె సారు దొరని చూశాడు. దొర పోలీసుల్ని చూశాడు. ఆకులు మార్చిన నేరానికి పిన్నిని వ్యాను ఎక్కించారు.

ఆమె కమ్మీలు పట్టుకుని మా వైపు వంగింది. "మూల చెట్టుకి మాత్రం తెగులు నిజంగానే ఉంది. కొట్టేస్తే ఆ నేల పోతుందని దాచాను. తప్పు నాది. అది నిలబడితే మీ అందరి చెట్లూ పోతాయి. వాళ్ల రంపం రాకముందే మీరే కొట్టెయ్యండి."

ఆ సాయంత్రమే కొట్టేశాం, మొదటి వేటు అంటుమేస్త్రిది. కొమ్మా రెమ్మా అక్కడే కాల్చాం.

పొద్దున నరికే ముఠా పిన్ని తోటకి వచ్చేసరికి ఒక మోడు, కాస్త బూడిద, నలభై ఒక్క చెట్లు ఉన్నాయి. ప్రతి చెట్టుకీ ఆనుకుని ఒక మనిషి. మోడు పక్క చెట్టు దగ్గర అంటుమేస్త్రి.

"తప్పుకోండి, రోగం చెట్లు," అన్నాడు ముఠా మేస్త్రి.

లారీ డ్రైవరు ఒక కొమ్మ వంచి అతని చేతికందించాడు. "తడిమి చూడన్నా. వాపు తగిలితే మేమే నరుకుతాం. నిన్న ఒకటి నరికాం."

మేస్త్రి రంపం చంకన పెట్టుకుని కొమ్మ మీద వేలు జార్చాడు. పక్క చెట్టూ తడిమాడు. అతని మనుషులు కూడా తలా ఒక కొమ్మ వంచారు. కాసేపటికి మేస్త్రి రంపం నేల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"సారూ, మాకేం తగల్లేదు. మీరొచ్చి తడమండి."

కుంచె సారు గట్టు మీదే నిలబడ్డాడు. డబ్బా మూత తియ్యలేదు.