బూజు సంగతి

రెండేళ్ళ కిందటి జూన్ పంతొమ్మిది, ఉడికించిన గుడ్లూ రొట్టే, పచ్చసొన నాకొద్దంటూ భార్య తన గుడ్డులోది కూడా ఆయన పళ్ళెంలోకి దొర్లించింది, ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇద్దరూ కలిసి తిన్నది అదే ఆఖరని తెలిస్తే ఇంకాస్త నెమ్మదిగా నమిలేవాణ్ణి, అనుకుంటూ ఆయన పొద్దున కత్తిరించిన తేయాకు మొక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాండం మీది గాయాన్ని బొటనవేలితో తడిమాడు, ఇంకా పచ్చిగానే ఉంది, ఇవాళ పూత పెట్టకపోతే కాండంకుళ్ళు దూరుతుంది, దూరితే ఈ వాలు మొత్తం పీకించేస్తానని మేనేజరు ముందే చెప్పాడు, పూతంటే మైలుతుత్తం కాదు, ఇంటి వెనక గదిలో, సంచుల్లో ఉడికిన జొన్నల మీద ఆయన పెంచుకున్న ట్రైకోడెర్మా, చెడ్డ బూజు వచ్చేలోపే గాయంలో కాపురం పెట్టి దాన్ని గుమ్మంలోనే ఆపేసే మంచి బూజు, ఆమె దానికి మీ రెండో సంసారం అని పేరు పెట్టింది, ఎంత విసుక్కున్నా ఒక్క సంచీ కదిపేది కాదు.

చెల్లెలు కదిపింది, వదిన పోయి రెండేళ్ళయింది, ఏం తింటున్నావో చూడాలన్నయ్యా అని నిన్ననే దిగింది, పొద్దున తోటకి వస్తూ ఆయనే అన్నాడు, వెనక గదిలో బూజు సంగతి కాస్త చూడమ్మా, అంటే తడి ఆరకుండా చూడమని, మధ్యాహ్నం సంచుల కోసం వెళితే గది అద్దంలా మెరుస్తోంది, చూశానన్నయ్యా దాని సంగతి, ఆకుపచ్చగా ఎంత పట్టిందనుకున్నావు, సలసలా కాగే నీళ్ళు పోసి గుంటలో పారేశా, తలుపు వెనక ఒక్క సంచీ మిగిలింది, అన్ని నీళ్ళు కాచేసరికి గ్యాస్ కూడా అయిపోయింది, నిన్నెవరు ముట్టుకోమన్నారు అని అరిచాడు, నువ్వే కదా అంది, నిజమే, ఇప్పుడామె పక్క వరసలో కూర్చుని ఆ మిగిలిన ముద్దను గాయాలకు మెత్తుతోంది, ఈ వయసులో నాకు బూజు పూసే ఉద్యోగం ఇప్పించావు అంటోంది, ఆయన నవ్వలేదు, సంచీ సగం వాలుకే సరిపోయింది, మళ్ళీ ఉడకబెడితే పెరగడానికి వారం పడుతుంది, గాయాలు వారం ఆగవు, కింది సగం పోయినట్టే.

చీకటి పడేసరికి నడుం వాల్చాడు, కోపం మాత్రం ఇంకా కూర్చునే ఉంది, రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఏదీ తప్పిపోలేదు, గ్లాసు పెట్టినచోటే ఉండేది, సంచులు ఎవరి చెయ్యీ పడకుండా పెరిగేవి, ఎలా ఉన్నావని అడిగినవాళ్ళకి ఏ లోటూ లేదని చెప్పేవాడు, నిజమనే అనుకున్నాడు, పక్క గదిలో చెల్లెలు ఏదో గిన్నె జారవిడిచి తనను తానే తిట్టుకుంటోంది, ఆ చప్పుడుకి ఒళ్ళెందుకు తేలికపడిందో తెలియలేదు, పొరపాటు జరగాలన్నా ఇంట్లో ఇంకో మనిషంటూ ఉండాలి కదా, ఆ మాట దగ్గర మనసు ఆగింది, ముందుకు పోలేదు, అన్నయ్య నిద్రపోయాడనుకుని చెల్లెలు దీపం ఆర్పి, కిర్రుమనకుండా తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా మూసింది.